జామాయిల్ తోటలకు ఎఫ్‌ఎస్‌సీ సర్టిఫికేట్: బద్వేలు వైపు జరిగింది జరిగినట్టు

ఎఫ్‌ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్, అడవులు, తోటల నిర్వహణకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) ఆడిటర్ తోటలోకి అడుగు పెట్టకముందే భూమి కాగితాలు అడుగుతారు. అవి సరిచేసుకోవడానికే మాకు ఎక్కువ కాలం పట్టింది. బద్వేలు, పోరుమామిళ్ల, అట్లూరు మండలాల్లో జామాయిల్ వేసిన చిన్న రైతుల కోసం మా రైతు ఉత్పత్తిదారుల సంఘం 2023 ఆగస్టులో గ్రూపు సర్టిఫికేట్ పని మొదలుపెట్టింది. సర్టిఫికేట్ చేతికొచ్చింది 2025 జనవరిలో. సంఘం తరఫున రికార్డులు, తోటల తనిఖీలు నేను చూశాను. నంద్యాల, అనంతపురం వైపు కూడా కొన్ని సంఘాలు ఇదే ఆలోచనలో ఉన్నాయని విన్నాను. వాళ్లకు పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. నాలుగైదు ఎకరాల రైతు ఈ ఖర్చు ఒంటరిగా మోయలేడు, అందుకే గ్రూపు. సర్టిఫికేట్ సంఘం పేరు మీద ఉంటుంది. రైతులు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి సభ్యులవుతారు. నియమాలు పాటించేలా చూసే బాధ్యత సంఘానిది. ఆడిటర్ అందరి తోటలూ తిరగరు, సభ్యుల సంఖ్యకు వర్గమూలం ఆధారంగా లెక్కగట్టి కొన్నిటిని తామే ఎంచుకుంటారు. ఏవి ఎంచుకుంటారో చివరిదాకా తెలియదు కాబట్టి అన్ని తోటలూ ఒకే తీరుగా సిద్ధంగా ఉండాలి.

ఏ సర్టిఫికేట్ తీసుకోవాలన్న చర్చ మా దగ్గర ఎక్కువసేపు సాగలేదు. కలప కొనే కాగితం మిల్లు ఎఫ్‌ఎస్‌సీ అడిగింది. ఎన్‌సీసీఎఫ్ అనే భారతీయ సంస్థ ద్వారా వచ్చే పీఈఎఫ్‌సీ (ఇలాంటిదే ఇంకో అంతర్జాతీయ సర్టిఫికేట్) దారి కూడా ఉంది. మేం మొదలుపెట్టిన కొన్ని నెలలకు, 2023 డిసెంబరులో, కేంద్ర అటవీ మంత్రిత్వ శాఖ సొంతంగా భారత అటవీ, కలప ధ్రువీకరణ పథకం తెచ్చింది. అందులో అడవి బయట పెంచే చెట్లకు వేరే ప్రమాణమే ఉంది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు, కొనేవాళ్లు దేన్ని ఒప్పుకుంటారో రాతలో తీసుకున్నాకే ఎంచుకోండి. నోటిమాట మీద రెండేళ్ల పని మొదలుపెట్టకూడదు.

ఆగస్టు నుంచి డిసెంబరు: ఫసలీ 1404

ఎఫ్‌ఎస్‌సీ నియమాల్లో రెండు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. 1994 డిసెంబరు 1 తర్వాత సహజ అడవిని కొట్టి తోట వేసి ఉంటే ఆ భూమికి అడ్డంకి ఉంటుంది. 2020 డిసెంబరు 31 తర్వాత కొట్టి ఉంటే ఆ భూమి అసలు పనికిరాదు. ఈ రెంటి మధ్య జరిగినదానికి, 2023 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన విధానం ప్రకారం, నష్టాన్ని పూడ్చి లోపలికి వచ్చే దారి ఉంది. ఆ అవసరం మాకు రాలేదు. అయితే రాలేదని నిరూపించాలి, అదే అసలు పని.

మన దగ్గర దానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం పాత అడంగల్, అంటే ఏ చేనులో ఏ పంట ఉందో ఏటా రాసే గ్రామ రికార్డు. ఫసలీ అంటే జూలై నుంచి జూన్ దాకా లెక్కించే రెవెన్యూ సంవత్సరం. 1994 డిసెంబరు ఫసలీ 1404లో పడుతుంది, 2020 డిసెంబరు ఫసలీ 1430లో. ఈ రెండు ఫసలీల నకళ్లు ప్రతి సర్వే నంబరుకూ తీసుకున్నాం. 1430ది కంప్యూటర్లో దొరుకుతుంది. 1404ది చేతిరాత, తహసీల్దారు ఆఫీసు రికార్డు గదిలో వెతికించాలి. కొన్ని గ్రామాలవి నెలలో వచ్చాయి, కొన్నిటికి మూడు నెలలు పట్టింది, కొన్ని పుటలు చెదలు తినేశాయి. వీఆర్వో పాతకాలం మనిషి అయితే పని త్వరగా అవుతుంది, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో వాళ్లకే తెలుసు.

1404లో చెనిక్కాయ, జొన్న, కొర్ర అని పంట పేరు రాసి ఉంటే సమస్య తీరినట్టే, అది సాగు భూమి. 'బీడు' అని ఉంటేనే చిక్కు. రెండేళ్లు దున్నకుండా వదిలేసిన చేను కావచ్చు, నిజంగా చిట్టడవే కావచ్చు. అలాంటి నంబర్లకు పాత ఉపగ్రహ చిత్రాలు చూశాం. 1994 నాటి ల్యాండ్‌శాట్ చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి, కానీ అందులో ఒక్కో చుక్క 30 మీటర్లు, అంటే సుమారు 22 సెంట్లు. రెండెకరాల చేనంటే తొమ్మిది చుక్కలు. దాన్నిబట్టి చిట్టడవి అవునో కాదో తేల్చడం కష్టం. అలాంటి చోట చుట్టూ ఉన్న సర్వే నంబర్ల అడంగల్, ఊళ్లో పెద్దవాళ్ల వాంగ్మూలం కలిపి పెట్టాం. ఆడిటర్ ఒప్పుకున్నారు. ఒక్క కాగితమే బలంగా ఉండాలని లేదు, మూడు కాగితాలూ ఒకే మాట చెప్పాలి.

ఇంకో గట్టి చిక్కు డీకేటీ పట్టాలు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన (అసైన్డ్) భూముల పట్టాలు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది (2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన పట్టాల అసలు హక్కుదారులకు సడలింపు వచ్చింది). పట్టా ఎవరి పేరున ఉందో ఆ కుటుంబమే సాగు చేస్తుంటే ఇబ్బంది లేదు. తెల్లకాగితం మీద కొనుక్కుని తోట వేసుకున్నవాళ్లను చేర్చుకోలేం, ఎందుకంటే భూమి మీద చట్టబద్ధమైన హక్కు ఉండాలన్నది ప్రమాణంలో మొదట్లోనే ఉంది. ఈ మొత్తం పనిలో మనసుకు కష్టం అనిపించింది ఇదే. ఇరవై ఏళ్లుగా ఆ నేలను నమ్ముకున్న మనిషికి ఎదురుగా కూర్చుని 'నీకు కుదరదు పెద్దాయనా' అని చెప్పాలి. ఒకాయన అడిగిన మాట ఇంకా గుర్తుంది: "చేను నాది, చెట్టు నాది, కష్టం నాది. మళ్లీ నాది కాదంటే ఎట్లబ్బా?" జవాబు మా చేతిలో లేదు. కౌలు భూములకైతే తోట కోతకొచ్చేదాకా యజమాని ఒప్పుకున్నట్టు రాతపూర్వక పత్రం సరిపోయింది.

హద్దుల విషయం చిన్నదే గానీ కాలం తింటుంది. ఫోన్ జీపీఎస్ పట్టుకుని చేను చుట్టూ నడిస్తే మూడు నుంచి ఐదు మీటర్ల తేడా వస్తుంది. వెడల్పు చేలల్లో పర్వాలేదు. సబ్‌డివిజన్ అయిపోయి సన్నగా పొడుగ్గా ఉన్న చేలల్లో ఆ తేడా పక్కవాడి గట్టు దాటేస్తుంది. ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ కొలతల పుస్తకం) కొలతలతో సరిచూశాకే పటం గీయండి.

జనవరి నుంచి మార్చి: వంకలు, చిట్టడవి, కలివికోడి

విలువైన పరిరక్షణ అంశాల అంచనా అని ఒకటి చేయాలి. ఆరు రకాలు: అరుదైన జీవులు, పెద్ద సహజ ప్రాంతాలు, అరుదైన ఆవాసాలు, నీరు-నేల కాపాడే చోట్లు, జనం బతుకుకు ఆధారమైనవి, గుడి-సమాధి లాంటి సాంస్కృతిక స్థలాలు. వేరే జిల్లాలో ఇది నాలుగు పేజీల్లో అయిపోతుందేమో. మాకు కలివికోడి అనే అరుదైన పిట్ట ఉండే లంకమల అభయారణ్యం పక్కనే ఉంది.

కలివికోడి చచ్చిపోయిన జాతి అని ప్రపంచం లెక్క రాసేసుకున్నాక, 1986లో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లి వైపు మళ్లీ కనబడింది. ఇప్పుడు అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న పక్షుల్లో ఒకటి. తెలుగుగంగ కాలువ దారిని కూడా దీని కోసమే మార్చారు. ఈ పిట్టకు దట్టమైన అడవి అక్కర్లేదు. పలచగా ముళ్లపొదలు, మధ్యలో బోడి నేల కావాలి. రాత్రిపూట ఆ బోడి నేల మీద తిరిగి చెదలు, పురుగులు ఏరుకు తింటుంది. మనం 'పనికిరాని కంప' అని కొట్టేసేది సరిగ్గా అదే. కాబట్టి చెట్లు నాటితే పర్యావరణానికి మంచిదే కదా అన్న మాట ఇక్కడ చెల్లదు. ముళ్లపొదల నేలలో జామాయిల్ నాటితే ఆ పిట్టకు ఇల్లు పోయినట్టే. కర్నూలు వైపు వాళ్లకూ ఇది వర్తిస్తుంది. రోళ్లపాడు చుట్టుపక్కల గడ్డి బీళ్లు బట్టమేక పిట్టకు కావలసినవి, అక్కడ చెట్ల తోట వేయడం నష్టం కిందే వస్తుంది.

ప్రణాళికలో మేం రాసుకున్నవి ఇవి: అభయారణ్యం అంచున ఉన్న చేలల్లో మిగిలిన పొదల ముక్కలు కొట్టకూడదు, కొత్తగా వాటిలో నాటకూడదు. ఆ చేలల్లో పొద్దు గూకాక కోత, లోడింగు ఉండవు. పక్షుల గురించి తెలిసినవాళ్లను ఒకసారి తీసుకొచ్చి తోటలు చూపించాం, వాళ్ల నివేదిక ఫైల్లో పెట్టాం. ఆడిటర్ ఈ భాగం మీద అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలు వేశారు, అడిగి తీరాల్సినవే.

వంకల పక్కన వదలాల్సిన పట్టీ రైతులకు నేరుగా నష్టం. రెండు వైపులా పది మీటర్లు అని పెట్టుకున్నాం. 3×2 మీటర్ల దూరంలో నాటిన తోటలో అది మూడు వరసలు. ఉన్న చెట్లను వెంటనే తీయమని ఎవరూ అడగరు. ఈ కోత అయ్యాక ఆ మూడు వరసల మోళ్లను చిగురించనీయకుండా చేసి కానుగ, నేరేడు, ఈత రానివ్వాలి. సంరక్షణ కింద మొత్తం విస్తీర్ణంలో పది శాతం చూపాలన్న నియమానికి ఈ పట్టీలు, పొదల ముక్కలు కలిపి గ్రూపు మొత్తం మీద లెక్క కట్టాం. చిన్న యూనిట్లకు ఇందులో వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోండి. లేదంటే రెండెకరాల రైతు ఇరవై సెంట్లు వదులుకోవాలి.

ఎండాకాలం: కొలతలు, మందులు

ఎంత పెరుగుతోందో అంతకు మించి నరకడం లేదని అంకెలతో చూపాలి. పద్ధతి సులువే. ప్రతి వయసు తోటలోనూ 12×12 మీటర్ల ప్లాట్లు వేశాం. 3×2 దూరంలో అందులో 24 గుంతలు రావాలి. ఎన్ని చెట్లు బతికున్నాయో లెక్కపెట్టి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి చుట్టుకొలత రాసుకోవాలి. వాలు నేలలో ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఎకరానికి 670కి పైగా మొక్కలు నాటినట్టు రైతు పుస్తకంలో ఉంటుంది, ప్లాట్లలో 24కి 17, 18 మాత్రమే కనిపిస్తాయి. దిగుబడి అంచనా నాటిన లెక్క మీద వేస్తే మొదటి కోతలోనే తప్పు బయటపడుతుంది. రెండో కోత తోటల్లో మోడుకు రెండు పిలకలే ఉంచారా అన్నది చూడండి. నాలుగైదు వదిలేస్తే కర్ర సన్నబడి మిల్లు వెనక్కి పంపే అవకాశం ఉంది.

భద్రాచలం క్లోన్లు (మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు), 413, 526 లాంటివి, వాడడం తప్పు కాదు. జన్యుమార్పిడి మొక్కలే నిషేధం. ఆ రెండూ ఒకటి కాదని చూపించడానికి నర్సరీ బిల్లు ఉండాలి. చాలామంది రైతులు ఆ బిల్లు పారేసుకున్నారు, నర్సరీ నుంచి మళ్లీ రాయించుకు రావాల్సి వచ్చింది.

మందుల దగ్గర అపోహలు ఎక్కువ. గ్లైఫోసేట్ వాడితే సర్టిఫికేట్ రాదని ఊళ్లో ప్రచారం. అది పూర్తి నిషేధం కాదు. ప్రమాదకర మందుల జాబితాలో ఉంది కాబట్టి, ఎందుకు వాడుతున్నాం, వేరే దారి ఎందుకు లేదు, నీటికీ మనిషికీ ఏం ప్రమాదం, ఎలా తగ్గిస్తాం అని ఒక అంచనా రాసిపెట్టాలి. నాటేటప్పుడు చెదలకు వేసే క్లోర్‌పైరిఫాస్‌కీ అప్పట్లో అంతే. ఇంతకంటే కష్టం రిజిస్టరు. ఏ తేదీన, ఏ చేనులో, ఏ మందు, ఎన్ని లీటర్లు, ఎవరు కొట్టారు అని రాయడం మన రైతులకు అలవాటు లేదు. ఖాళీ డబ్బాలు మూడుసార్లు కడిగి, బొక్క పెట్టి, ఒకచోట చేర్చాలి. ఇంట్లో నీళ్ల డబ్బాగా వాడుతూ కనిపిస్తే ఆడిటర్ అక్కడే ఆగిపోతారు.

కోత కూలీలు

చెట్లు నరికేది రైతు కాదు, మేస్త్రీ తెచ్చే గుంపు. రంపం మనిషి, తొక్క ఒలిచే ఆడవాళ్లు, లోడింగు హమాలీలు. వీళ్ల భద్రతకు సంఘమే జవాబుదారీ. హెల్మెట్, ముఖానికి జాలీ, చెవి మఫ్‌లు, బూట్లు, కాళ్లకు రంపం తగిలినా తెగని ప్యాంటు. ఈ సెట్టులో ఖరీదైంది ప్యాంటే, ఇక్కడి ఎండకు ఎవరూ వేసుకోనిదీ అదే. వేసుకోమని గొడవపడే బదులు కోత వేళలు మార్చాం: పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి రంపం ఆపేయాలి. అప్పటి నుంచి వేసుకుంటున్నారు. రంపానికి చైన్ బ్రేకు పనిచేస్తోందా అని రోజూ చూడాలి. పడే చెట్టుకు రెండు చెట్ల పొడవు దూరంలో ఎవరూ ఉండకూడదు. తొక్క ఒలిచే అమ్మలు చంటిపిల్లల్ని తోటకు తెచ్చుకుంటారు, వాళ్లకు ఆ దూరం బయట నీడ పందిరి, నీళ్లు పెట్టించాం.

ఆడవాళ్ల కూలి సంగతి ముందే చూసుకోండి. ఒకే పని చేస్తున్న మగవాళ్లకు ఒక రేటు, ఆడవాళ్లకు ఒక రేటు అనేది మన వైపు మామూలు వ్యవహారంగా చలామణీ అవుతోంది. ప్రమాణం ఒప్పుకోదు, అప్పటి 1976 సమాన వేతన చట్టమూ ఒప్పుకోలేదు, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన వేతన స్మృతీ ఒప్పుకోదు. టన్ను లెక్కన అందరికీ ఒకే రేటు అని మేస్త్రీతో రాయించుకున్నాం, హాజరు పట్టీలో వేలిముద్రో సంతకమో పెట్టిస్తున్నాం. ఆడిటర్ మేస్త్రీని దూరంగా పంపి, ఆడవాళ్లతో విడిగా కూర్చుని "పోయినవారం మీ చేతికి ఎంత వచ్చిందమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగారు. పుస్తకంలోని అంకె, వాళ్లు చెప్పిన అంకె కలవాలి. ఆ అరగంట మాకు గుండె దడే. ఈ సర్టిఫికేట్ వల్ల ఇంకేమీ రాకపోయినా ఆ రేటు మారడం ఒక్కటి చాలని నాకు అనిపించింది.

ఆగస్టు, సెప్టెంబరు: 42 రోజులు

జూలైలో సర్టిఫికేషన్ సంస్థతో ఒప్పందం అయింది. ఆడిట్‌కి కనీసం 42 రోజుల ముందు బహిరంగ నోటీసు ఇవ్వాలి. తెలుగులో రాసి సచివాలయాల్లో, పంచాయతీ బోర్డుల మీద, ఫారెస్టు రేంజ్ ఆఫీసులో, యానాది కాలనీల్లో, తండాల్లో అంటించాం. అంటించి ఫొటో తీయడంతో సరిపెట్టకండి, చదివి వినిపించండి. మాకు వచ్చిన ఒకే ఒక్క అభ్యంతరం అలా చదివినప్పుడే వచ్చింది: కంచె వేస్తే గొర్రెల బాట మూసుకుపోతుందని కాపర్లు అన్నారు. ఏళ్ల తరబడి నడుస్తున్న బాట వాళ్ల వాడుక హక్కు. కంచెను వెనక్కి జరిపి, పటంలో బాట గీసి, వాళ్ల సంతకాలతో ఒప్పందం రాసుకున్నాం. ఆడిట్ నాటికి అది మాకు బలమైంది. ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉంటే ఆడిటర్‌కు అనుమానం వస్తుంది.

అక్టోబరు: ఆడిట్

మొదటి వారంలో జరిగింది. మొదటి రోజు ఆఫీసులో కాగితాలు, తర్వాత తోటలు, ఆఖరున ముగింపు సమావేశం. వానొస్తే నల్లరేగడి చేలల్లోకి బండి పోదు, అందుకని ఆ తోటలను ముందు పెట్టమని అడిగాం, ఒప్పుకున్నారు. మీరూ అడగండి.

ముగింపులో పెద్ద లోపాలు, చిన్న లోపాలు చదివి వినిపిస్తారు. పెద్ద లోపం ఒక్కటున్నా అది మూసేదాకా సర్టిఫికేట్ రాదు. ఒక తోటలో హమాలీలు బూట్లు లేకుండా చెప్పులతోనే దుంగలు మోస్తూ కనిపించారు, అది పెద్దది. మందుల రిజిస్టరు కొందరు సభ్యుల దగ్గర సరిగా లేకపోవడం చిన్నది, దానికి ఏడాది గడువు. పెద్దదానికి ఇచ్చే మూడు నెలల్లోపే బూట్లు కొన్న బిల్లులు, శిక్షణ ఇచ్చిన ఫొటోలు, హాజరు పట్టీలు పంపాం. ఫొటో ఒకటే చాలదు, 'ఇకముందు ఇలా జరగకుండా ఎవరు, ఎప్పుడు చూస్తారు' అన్న సమాధానం కావాలి. ఆ తర్వాత నిర్ణయం కోసం ఎదురుచూసే వారాలే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. సభ్యులు రోజూ అడిగేవారు, చెప్పడానికి కొత్త మాట ఉండేది కాదు.

డబ్బు సంగతి

ఆడిటర్ రోజుల ఫీజు, దూరం నుంచి వస్తే ప్రయాణం, బస, వాటి మీద 18 శాతం జీఎస్టీ, పైన ఎఫ్‌ఎస్‌సీ వార్షిక రుసుము. ఇది ఒక్కసారి అయ్యే ఖర్చు అనుకోవద్దు. సర్టిఫికేట్ ఐదేళ్లు ఉంటుంది, ఏటా తనిఖీ ఆడిట్ ఉంటుంది. ఐదేళ్లకూ కలిపి లెక్క వేసుకుని ఎకరానికి ఇంతని పంచండి. ఎకరాలు తక్కువైతే వాటా బరువవుతుంది. కొటేషన్ కనీసం రెండు మూడు సంస్థల నుంచి తీసుకోండి, ఎన్ని రోజుల ఆడిట్ అని రాశారో చూడండి, తేడా అక్కడే ఉంటుంది. కలపకు అదనపు ధర వస్తుందన్న హామీ ప్రమాణంలో ఎక్కడా లేదు. అది మిల్లుతో కుదుర్చుకోవాల్సిన బేరం.

ఆ బేరం కంటే ముందు చూసుకోవాల్సింది అమ్మకం గొలుసు. నిలబడ్డ తోటనే దళారికి గుత్తకు అమ్మేస్తే, ఆ దళారికి చైన్ ఆఫ్ కస్టడీ సర్టిఫికేట్ (చేతులు మారినా అది సర్టిఫైడ్ కలపేనని చూపేది) లేకపోతే గొలుసు అక్కడే తెగిపోయింది. మిల్లుకు చేరిన కలప మామూలు కలపే. అందుకని మిల్లు కాటా దాకా కలప సంఘం యాజమాన్యంలోనే ఉండేలా, మేస్త్రీకి కోత కూలి మాత్రమే ఇచ్చేలా మార్చుకున్నాం. లారీలో సగం సభ్యుడిది, సగం పక్క చేనుది వేస్తే మొత్తం లోడు పోయినట్టే. కోత రోజుల్లో ఇది చాలాసార్లు ఎదురవుతుంది, లారీ నిండకపోతే డ్రైవరు ఊరుకోడు. ఇన్వాయిసు మీద సర్టిఫికేట్ కోడు, 'ఎఫ్‌ఎస్‌సీ 100%' అన్న ప్రకటన రెండూ ఉండాలి, సర్వే నంబరు, కాటా చీటీ నంబరు పక్కన రాసుకోవాలి. ఈ చీటీలన్నీ ఐదేళ్లు దాచాలి.

సర్టిఫికేట్ వచ్చాక మా ముందున్నది మందుల రిజిస్టరు లోపం మూయడం, కొత్తగా చేరతామన్నవాళ్ల ఫసలీ 1404 అడంగల్ తెప్పించడం. చేరాలనుకునే రైతులు సంఘానికి వచ్చేముందే పాసుపుస్తకం, 1బీ (భూమి ఖాతా నకలు), డీకేటీ అయితే అసలు పట్టా, నర్సరీ బిల్లు ఒక కవరులో పెట్టుకుని రండి. మొదటి తనిఖీ ఆడిట్ లోపు మీ తోట కలపాలంటే సంఘం సొంత తనిఖీ అంతకుముందే పూర్తి కావాలి.